డ్యామ్ కా మాల్

మృగశిర కార్తె వచ్చిందంటే మా పాతబస్తీ తెలుగిళ్లలో చేప వండాల్సిందే. ఎండలు పోయి తొలి చినుకులు పడే వేళ ఒంట్లో వేడి పుట్టాలని పెద్దవాళ్లు చెప్పే మాట. దూద్‌బౌలిలో బత్తిని వారి ఇంట్లో మొదలైన చేప ప్రసాదం ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది గానీ, ఆ రోజు మార్కెట్‌లో రద్దీ మాత్రం ఏం తగ్గలేదు. పోయినసారి రవ్వ చేప తూకం వేయిస్తూ ఊరికే అడిగాను, "భాయ్, యే కహా కా మాల్ హై?" అని. "డ్యామ్ కా మాల్ భయ్యా, ఏక్‌దమ్ తాజా" అన్నాడు. ఏ డ్యామ్ అంటే చెయ్యి గాల్లోకి ఊపాడు. ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. చేప డ్యామ్‌లో పుడుతుందనే మా తరం అనుకుంటోంది కాబోలు.

సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న నియమం ఉంది. ఏదైనా మార్పు చేసే ముందు సిస్టమ్ ఎట్లా నడుస్తోందో కొలిచి పెట్టుకోవాలి. దాన్ని బేస్‌లైన్ అంటాం. అది లేకపోతే మార్పు తర్వాత బాగుపడిందో చెడిందో ఎవరూ తేల్చలేరు. గట్టిగా మాట్లాడేవాడి మాటే నెగ్గుతుంది. జలవిద్యుత్ ప్రాజెక్టుల గురించి, అవి ముంచిన ఆదివాసి ఊళ్ల గురించి చదివేటప్పుడల్లా నాకు ఈ నియమమే గుర్తొస్తుంది. ప్రాజెక్టు తర్వాత చేపల ఉత్పత్తి ఇన్ని టన్నులు పెరిగింది అని లెక్క చూపిస్తారు. ముందు ఎంత ఉండేది, ఎవరు పట్టేవారు, ఎవరు తినేవారు? ఆ కాలమ్ ఎక్కడ?

నిజం చెప్పాలంటే పాతబస్తీలో పెరిగినవాడికి డ్యామ్ మీద కోపం రావడం కష్టం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఈ నగరాన్ని ఊడ్చేసింది. చనిపోయినవాళ్లు 15,000 మంది దాకా ఉంటారని చెబుతారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి బతికినవాళ్ల కథ మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య వచ్చి ఎగువన నీళ్లని ఆపాలన్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. తర్వాత దాహం పెరిగింది, నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు వచ్చాయి. మా గల్లీలో పొద్దున నల్లా తిప్పితే వచ్చేది ఆ నీళ్లే. మమ్మల్ని కాపాడింది డ్యామ్, మాకు నీళ్లిచ్చేది డ్యామ్, మృగశిరకి చేప ఇచ్చేదీ డ్యామే. ఇంత తిన్నాక ప్రశ్న అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంటుంది. అయినా అడగాలి.

అడగడానికి నాకు దొరికిన దారి ఒక పాత హైదరాబాద్ పుస్తకం.

క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు. ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్న షరతు మీద ఆయన్ని ఇక్కడ ఉండనిచ్చారు. మామూలు మనిషైతే ఆబిడ్స్‌లో టీ తాగుతూ యుద్ధం అయ్యేదాకా గడిపేవాడు. ఈయన, భార్య బెట్టీ, అడవులకి వెళ్లారు. 1940లో నల్లమల చెంచుల దగ్గరికి, 1941లో గోదావరి ఒడ్డు కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక, అసలు ఈ అడవుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకి వచ్చింది. అందుకని ఈయనకి దారి ఇచ్చింది. రెవెన్యూ శాఖ చూసే గ్రిగ్సన్ అనే ఇంగ్లీషు అధికారి బస్తర్ మారియా గోండుల మీద తానే పుస్తకం రాసినవాడు కావడం కూడా కలిసొచ్చింది.

కొండరెడ్ల మీద హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో వచ్చింది. పేరులోని బైసన్ హిల్స్ మరెక్కడివో కావు, మనం పడవెక్కి సెల్ఫీలు దిగే పాపికొండలే. ఏటవాలు కొండల మీద పోడు, తవ్వుకోల కర్రతో విత్తనం నాటడం, పంట లేని నెలల్లో తిండికి బదులుగా జీలుగు కల్లు, వెదురు కొట్టించే కాంట్రాక్టర్ల దగ్గర అప్పు, ఆ అప్పు తీరడానికి మళ్లీ వెదురు కొట్టడం. కల్లు అంటే మనకి దావత్ గుర్తొస్తుంది. అక్కడ అది అన్నం. దాని మీద పన్ను వేశారనే 1879లో అవతలి ఒడ్డున రంప కొండలు తిరగబడ్డాయి.

ఆయన్ని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. కొండరెడ్లని కనుమరుగవుతున్న జాతిగా, రక్షించాల్సిన పిల్లలుగా చూసే కళ్లు ఆయనవి. రాసిందేమో రాజ్యం చదవడానికి. అదే ఏడాది రెవెన్యూ శాఖ ఆయన నాలుగు నివేదికల్ని ఒక సంపుటిగా అచ్చువేసింది. అయినా, మునగక ముందు ఆ ఒడ్డు ఎట్లా ఉండేదో పేజీల కొద్దీ రాసి ఉంచినది అదొక్కటే నాకు కనపడింది. ఒక ఖైదీ చేసిన బేస్‌లైన్.

ఇక్కడ తేదీ ఒకటి చూడండి. ఆయన కొండరెడ్ల ఊళ్లలో ఉన్న 1941లోనే, జూలైలో, మద్రాసు ప్రెసిడెన్సీ ఇంజనీర్లు పోలవరం దగ్గర గోదావరికి పెద్ద డ్యామ్ కట్టాలన్న ఆలోచన ముందుకి తెచ్చారు. చీఫ్ ఇంజనీర్ ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ దానికి రామపాద సాగర్ అని పేరు పెట్టారు. నీళ్లు పైకి ఎక్కి భద్రాచలం రాముడి పాదాలు తాకుతాయని. అందమైన పేరు. రాముడి పాదాలు తాకే ముందు ఆ నీళ్లు ఎవరెవరి మెడల దాకా వస్తాయో పేరులో లేదు. ఒకే నది, ఒకే సంవత్సరం. దిగువన కొందరు నీళ్ల ఎత్తు లెక్క వేస్తున్నారు, ఎగువన ఒకాయన మనుషుల బతుకు రాసుకుంటున్నాడు. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదకి వచ్చిన రోజు ఉందా అని నా అనుమానం.

రామపాద సాగర్ కాగితాల్లోనే ఉండిపోయింది. 1980లో బచావత్ ట్రిబ్యునల్ అవార్డు వచ్చింది, 1981లో అంజయ్య శంకుస్థాపన చేశారు, 2004 తర్వాత రాజశేఖరరెడ్డి హయాంలో పని కదిలింది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, నిల్వ 194.6 టీఎంసీలు, విద్యుత్తు 960 మెగావాట్లు. నిర్వాసిత కుటుంబాలు లక్షకి పైనే. అందులో సగం దాకా ఆదివాసులు, ముఖ్యంగా కోయలు, కొండరెడ్లు.

పర్యావరణ అంచనా అనేది మన దేశంలో చట్టబద్ధంగా తప్పనిసరి అయింది 1994లో. నాగార్జునసాగర్‌కి, శ్రీశైలానికి ఆ బాధ లేదు. మాచ్‌ఖండ్‌కి అసలే లేదు. 1955లో కరెంటు మొదలైన ఆ ప్రాజెక్టు కోసం జలపుట్ దగ్గర కొండ ఊళ్లు మునిగాయి. ఆ నీళ్లే సీలేరుగా దిగి, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలో పడతాయి. ఒకే నీటిచుక్క మీద ఆదివాసుల భూమిని ముంచుతూ మనం ఎన్నిసార్లు కరెంటు తీశామో లెక్క వేసుకోవచ్చు.

ఆ రోజుల్లో అంచనా వేయడం చేతకాక కాదు. నాగార్జునకొండలో మునిగిపోయే బౌద్ధ శిథిలాల్ని 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, ఎంచుకున్నవాటిని కొండ మీదకి చేర్చి, 1966లో మ్యూజియం తెరిచాం. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ పేర్చాం. గొప్ప పని, నేను చూసి ముచ్చటపడ్డాను కూడా. ఏ రాయి ఏ వరసలోదో రాసిపెట్టుకోకపోతే అది కుదరదు. అదే శ్రీశైలానికి 1981లో వందకి పైగా ఊళ్లు ఖాళీ చేయించారు, ఇళ్లు కూల్చి మరీ. లక్షకి పైగా మనుషులు. ఏ మనిషి ఏ వరసలోవాడో, ఏ మడుగులో చేప పట్టేవాడో రాసిపెట్టుకోలేదు.

పోలవరం సమయానికి చట్టం ఉంది. దాన్ని ఎట్లా వాడామో రెండు తేదీలు చెబుతాయి. 2005 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో ఐదు చోట్ల ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అక్టోబరు 25న పర్యావరణ అనుమతి వచ్చింది. పదిహేను రోజులు. మా ఆఫీసులో లాగిన్ పేజీ రంగు మార్చడానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ముంపు ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలోనూ ఉన్నా అక్కడ సేకరణ జరగలేదు. ఆ కారణంతోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ 2007 డిసెంబరు 19న అనుమతిని కొట్టేసింది. హైకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది, పని సాగింది. సరిగ్గా 12 రోజులకి, డిసెంబరు 31న, అటవీ హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. ఈ చట్టం దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అందులో చేప ఉంది.

ముందు చేప సంగతి. పారే నదికి, నిలవ నీటికి చేపలు ఒకటి కావు. ప్రవాహానికి ఎదురీది గుడ్లు పెట్టేవి, ఇసుక మేటల అంచున, రాతి మడుగుల్లో బతికేవి రిజర్వాయర్‌లో తగ్గిపోతాయి. మట్టి కిందికి దిగుతుంది, లోతున ప్రాణవాయువు పడిపోతుంది, కరెంటు అవసరాన్ని బట్టి నీటిమట్టం పైకీ కిందికీ ఊగుతుంటే ఒడ్డు వెంబడి పెట్టిన గుడ్లు ఎండిపోతాయి. వాటి బదులు శాఖ వాళ్లు బొచ్చె, రవ్వ పిల్లల్ని వదులుతారు. అవి బాగా పెరుగుతాయి, టన్నులు వస్తాయి. మా మృగశిర చేప అదే. కాబట్టి డ్యామ్ వస్తే చేపలు పెరిగాయన్న మాట అబద్ధం కాదు. చేప మారింది, నీళ్లు మారాయి, పట్టేవాడు మారాడు.

ఆ మూడోది అంచనా పట్టికల్లోకి ఎక్కదు. వాగులో, నది అంచున పట్టేవాడికి చిన్న వల, దోనె, చెయ్యి తిరిగితే చాలు. పట్టింది ఇంట్లోకి. అరవై డెబ్బై అడుగుల లోతు రిజర్వాయర్‌లో అది పని చెయ్యదు. పెద్ద వలలు కావాలి, బోటు, ఐసు, లారీ, వీటికి పెట్టుబడి పెట్టే సేటు కావాలి. శ్రీశైలం వెనక జలాల్లో, కొల్లాపూర్ సోమశిల వైపు, అలివి వలల గొడవ ఏళ్లుగా నడుస్తోంది. కన్ను సన్నగా ఉండే నిషిద్ధ వలలు, చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తాయి. వేసేది చాలావరకు కోస్తా నుంచి వలస వచ్చిన జాలరులు, వాళ్ల వెనక వ్యాపారులు. స్థానిక మత్స్యకారులు ఫిర్యాదులు చేస్తారు, దాడులు జరుగుతాయి, వలలు తగలబెడతారు, మళ్లీ వస్తాయి. వలస వచ్చినవాళ్లని తిట్టి ఊరుకోవడం నాకు నచ్చదు, వాళ్లూ అప్పులో ఉన్నవాళ్లే. కానీ చేప పెరిగిన చోట ఒడ్డు మనిషి ఎందుకు బీదవాడయ్యాడో ఇక్కడ అర్థమవుతుంది.

ఇక పులస. పుస్తెలమ్మైనా తినాలని గోదావరి జిల్లాల వాళ్లు అనే చేప. సముద్రంలో ఇలస, వరద నీటికి ఎదురీది నదిలోకి వచ్చాక పులస. దీని దారికి గోదావరిలో అడ్డుపడ్డ మొదటి పెద్ద కట్ట కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట. డెల్టాకి అన్నం పెట్టిన కట్ట, ఆయనకి ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. 1873లో ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైనిక వైద్యుడు దేశంలోని మంచినీటి చేపల మీద నివేదిక రాస్తూ, ఈ ఆనకట్టలు చేపల రాకపోకల్ని ఆపేస్తున్నాయని, వాటికి దారి వదలాలని చెప్పాడు. నూట యాభై ఏళ్ల కిందటి పర్యావరణ అంచనా అది, ఏ చట్టమూ అడక్కుండానే.

పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి ఫిష్ ల్యాడర్ కట్టారు, కేంద్ర మత్స్య పరిశోధనా సంస్థ సలహాతో. పత్రికలు మెచ్చుకున్నాయి, నేనూ మొదట సంతోషించాను. తర్వాత మ్యాప్ తెరిచాను. ధవళేశ్వరం పోలవరానికి 42 కిలోమీటర్ల దిగువన ఉంది. ఇప్పుడు పులస ఎక్కువగా దొరికేది ఆ బ్యారేజీకి కిందనే. కింది మెట్టు దాటలేని చేపకి పై అంతస్తులో నిచ్చెన వేశాం. వరదల్లో గేట్లెత్తినప్పుడు కొన్ని దాటవచ్చు, సరే. నిచ్చెన అసలు లేకపోవడం కన్నా ఉండటం మేలే. కానీ దాన్ని చూపించి మత్స్య సంపద సంగతి చూసుకున్నాం అనడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఇంత ఆలోచన చేప కోసం చేసినవాళ్లం, పట్టేవాడి కోసం ఏం చేశాం? ప్రాజెక్టు ప్రయోజనాల జాబితాలో పర్యాటకం పక్కనే చేపల పెంపకం అభివృద్ధి ఉంటుంది. చేప అక్కడ లాభాల వరసలో ఉంది. నష్టాల వరసలో లేదు.

నష్టం ఉందని చట్టాలు ఒప్పుకున్నాయి, అదీ విచిత్రం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటివనరుల నిర్వహణ స్థానిక పంచాయతీలకి ఇచ్చింది. వాగు చిన్న నీటివనరు. ఆ వాగు 194 టీఎంసీల కింద పడ్డాక? అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల్లో చేపల్ని, నీటివనరుల ఇతర ఉత్పత్తుల్ని పేరు పెట్టి చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి, ముంపు ప్రాంతంలో నదిలోనో చెరువులోనో చేపల హక్కు ఉన్న ఆదివాసులకి రిజర్వాయర్‌లో ఆ హక్కు ఇవ్వాలంది. ఉన్న, అన్న మాట దగ్గర కథ ఆగిపోతుంది. హక్కు ఉందని చూపించడానికి కాగితం ఏది? తాత పట్టాడు, నాన్న పట్టాడు, నేను పట్టాను అంటే మన ఆఫీసుల్లో చెల్లదు. పైగా పునరావాస కాలనీలు జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయి లాంటి చోట్ల కట్టారు. నదికి దూరంగా. రిజర్వాయర్‌లో హక్కు ఇచ్చినా చేప కోసం ఎవరు ఆటో ఎక్కి వెళతారు?

వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014లో తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్లిన ఏడింటిలోవి. ముంపు ఒక రాష్ట్రంలో ఉంటే ప్రాజెక్టుకి ఇబ్బందని సరిహద్దునే జరిపాం. కొయిదా, కాట్కూరు, పేరంటపల్లి ఇవన్నీ హైమెండార్ఫ్ తిరిగిన గట్టు. 2021లో ఎగువ కాఫర్ డ్యామ్ పూర్తయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత ఎత్తు అదే. ఆ మండలాల ఊళ్లు మునిగాయి. ఇది వరదా, కట్ట వెనక్కి తన్నిన నీళ్లా అని రాష్ట్రాలు ఇంకా వాదించుకుంటున్నాయి. ప్రభుత్వం ముంపుని 41.15 మీటర్ల కాంటూరు దాకా మొదటి దశ, ఆ పైన రెండో దశ అని విడగొట్టింది. రెండో దశ వాళ్లకి ఇంకా పరిహారం వంతు రాలేదు, నీళ్లు మాత్రం మొదటి దశలోనే వచ్చేశాయి. ఆ వారం నేను ఇంట్లోంచి పని చేస్తూ టీవీలో ఇంటి కప్పుల మీది మనుషుల్ని చూశాను. ఎదురుగా మా నానమ్మ. 1908 కథ ఆమెకి వాళ్ల నానమ్మ చెప్పింది. "చెట్టెక్కిండ్రా బిడ్డా?" అని అడిగింది.

కాగితం సంగతికి వద్దాం. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వది, హక్కుకి సాక్ష్యంగా ఏవేవి చెల్లుతాయో చెబుతుంది. ఆ జాబితాలో ఆచారాల్ని నమోదు చేసిన పరిశోధనలు ఉన్నాయి. పూర్వపు సంస్థానాల రికార్డులు, మ్యాపులు కూడా ఉన్నాయి. ఇది చదివిన రోజు నేను కుర్చీలోంచి లేచాను. హైదరాబాద్ సంస్థానం రెవెన్యూ శాఖ 1945లో అచ్చువేసిన నివేదికలు ఈ రెండు గళ్లలోకీ వస్తాయని వాదించవచ్చు. మనం సాహిత్యంలా చదివి పక్కన పెట్టే పాత పుస్తకం ఒక గ్రామసభ చేతిలో సాక్ష్యం కాగలదు. పూర్తి సాక్ష్యం కాదు, తెలుసు. అది మానవశాస్త్రం, కిలోల లెక్క కాదు. మడుగు పేర్లు, వల పేర్లు ముసలివాళ్ల నోటి నుంచి రాసుకోవాల్సిందే, వాళ్లు కాలనీల్లో ఉండగానే. కానీ మొదటి కాగితం ఉంది, అదీ మన నగరంలో పుట్టిన కాగితం. ఇంగ్లీషులో.

నేనూ ఇంకో స్నేహితుడూ శనివారాలు కూర్చుని ఒక షీట్ నింపుతున్నాం. పుస్తకంలో ఊరి పేరు, ఇప్పటి పేరు, మండలం, ఏ కాంటూరులో ఉంది, ఏ కాలనీకి వెళ్లారు, పుస్తకంలో ఆ ఊరి గురించి ఏ పేజీల్లో ఉంది. స్పెల్లింగులు చంపుతున్నాయి, ఒక్కో ఊరికి పూట పడుతోంది. ఇప్పటికి 11 ఊళ్లు అయ్యాయి. చివరి కాలమ్ చేపలు. దాన్ని అక్కడికి వెళ్లి అడిగి నింపాలి. వానలు తగ్గాక వేలేరుపాడు బస్సు ఎక్కడ ఎక్కాలో కనుక్కున్నాం.